911ప్లస్ సీటీడీ, 24 సీసాల రోజెట్: ఏళ్ళ వాడకం తర్వాత

సముద్ర పరిశోధన ఓడ మీద మిగతా పరికరం ఏది మూలపడినా పని కొంత సాగుతుంది. సీటీడీ లేకపోతే మాత్రం స్టేషన్‌లో (కొలతల కోసం ఎంచుకున్న చోట) ఓడ ఆపి ప్రయోజనం లేదు. నీటి వాహకత, ఉష్ణోగ్రత, లోతు కొలిచేది ఇదే. పక్కనే ఉన్న సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చేదీ ఇదే. బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ మేము ఎక్కువగా వాడింది సీబర్డ్ 911ప్లస్. నీళ్ళలోకి దిగే 9ప్లస్ యూనిట్, ల్యాబ్‌లో ఉండే 11ప్లస్ డెక్ యూనిట్, చుట్టూ 24 నిస్కిన్ సీసాల (కావాల్సిన లోతులో మూసుకునే నీటి సీసాల) రోజెట్ అనే గుండ్రటి ఫ్రేము, అన్నీ కలిపి ఒక జట్టు. ఇన్నేళ్ళ వాడకంలో తేలింది ఒకటే. ఇందులో సెన్సార్లు చెడేది తక్కువ. వాటి గుండా పోవాల్సిన నీటికి దారి మూసుకుపోవడం, వాటి సంకేతాన్ని పైకి మోసే కేబుల్ మొరాయించడం, ఈ రెండే తలనొప్పి.

ముందు మంచి సంగతి. సెకనుకు 24 రీడింగులు ఇస్తుంది. వించిని, అంటే కేబుల్ చుట్టిన యంత్రాన్ని, నిమిషానికి 60 మీటర్ల చొప్పున వదిలితే మీటరుకు 24 రీడింగులన్నమాట. కొత్త కాలిబ్రేషన్ (ప్రమాణంతో పోల్చి సరిచేయడం) మీద ఉష్ణోగ్రతలో 0.001 డిగ్రీ, పీడనంలో పూర్తి పరిధిలో 0.015 శాతం ఖచ్చితత్వం. 6,800 మీటర్ల పరిధి ఉన్న యూనిట్‌లో ఇది సుమారు ఒక మీటరు. ఉత్తర బంగాళాఖాతంలో ఈ వేగం విలువ బాగా తెలుస్తుంది. గంగా బ్రహ్మపుత్రల నీళ్ళు పైన పలచగా పరుచుకుని ఉంటాయి, వాటి కింద లవణీయత కొద్ది మీటర్లలోనే ఎగబాకుతుంది. ఆ మెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇక నీటి దారి. నీళ్ళు ముందు ఉష్ణోగ్రత సెన్సార్ కొనను తాకి, వాహకత కొలిచే గాజు గొట్టంలోకి పోయి, ఆక్సిజన్ సెన్సార్ మీదుగా పంపుకు చేరతాయి. ఆ గాజు గొట్టం లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లే. పంపు సెకనుకు దాదాపు 30 మిల్లీలీటర్లు లాగుతుంది. ఈ ప్రవాహం సమంగా ఉన్నంత కాలం ఉష్ణోగ్రత, వాహకత ఒకే నీటి బొట్టుకు చెందుతాయి. ప్రవాహం తడబడితే ఒకటి ఈ నీటిది, ఇంకొకటి ఆ నీటిది అయిపోయి, ఈ రెండింటి నుంచి లెక్కగట్టిన లవణీయత గీతలో ముళ్ళు లేస్తాయి.

నిటారుగా బిగించిన గొట్టాల్లో గాలి బయటికి పోవడానికి పైన వై ఆకారపు జాయింటు, దానికి సన్నటి రంధ్రమున్న బిరడా ఉంటాయి. ఉప్పు గడ్డకట్టి ఆ రంధ్రం పూడిందంటే గాలి లోపలే చిక్కుతుంది, పంపు తిరుగుతున్నా నీళ్ళు లాగదు. గుర్తు పట్టడం సులభం. ఉష్ణోగ్రత, వాహకత సెన్సార్లు రెండు జతలు బిగించి ఉంటే, మొదటి పది ఇరవై మీటర్లలో ఒకటో జత, రెండో జత చూపే లవణీయతలు ఎడంగా పోతాయి. లోతుకు పోయేకొద్దీ పీడనానికి గాలి కుంచించుకుని రెండూ ఒక్కసారిగా కలుస్తాయి. ప్రతి కాస్ట్‌కు (పరికరాన్ని నీళ్ళలోకి దించి పైకి తీసే ఒక విడతకు) ముందు 0.4 మిల్లీమీటర్ల తీగ ఆ రంధ్రంలో దూర్చి తీయాలి. అర నిమిషం పని, కానీ మానేసేది ఎక్కువగా దీన్నే.

పంపు ఉప్పు నీటిని పసిగట్టిన 60 సెకన్లకు గానీ తిరగడం మొదలుపెట్టదు. అందుకే రోజెట్‌ను 10 మీటర్లకు దించి రెండు మూడు నిమిషాలు నాననివ్వాలి. మే నెల ఎండలో డెక్ మీద కాలిన ఫ్రేము చల్లబడడానికీ ఈ సమయం కావాలి. రెండు జతలూ ఒకే అంకె చూపించి, ఆక్సిజన్ గీత నిలకడగా నిలిచాక ఉపరితలం దగ్గరికి లాగి, నీటి బయటికి రానివ్వకుండా అక్కడి నుంచి అసలు కాస్ట్ మొదలుపెట్టాలి. నదీముఖాల్లో వాడేవాళ్ళకు ఒక మాట: నీళ్ళు మరీ మంచినీళ్ళయితే పంపు మేలుకోదు. దాన్ని మేల్కొలిపే వాహకత హద్దును ముందే తగ్గించుకోవాలి.

కాస్ట్ మధ్యలో ఒక జత లవణీయత ఠక్కున పడిపోయి అలాగే ఉండిపోతే, జెల్లీ చేప తునకో మరో జీవో గాజు గొట్టంలో ఇరుక్కుందని అర్థం. ఒక్కోసారి దానంతటదే కొట్టుకుపోతుంది. పోకపోతే పైకి వచ్చాక ఒక శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్ ద్రావణంతో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. లోపలికి బ్రష్షు గానీ పుల్ల గానీ పెట్టకూడదు. ఎలక్ట్రోడ్ల మీది నల్లటి ప్లాటినం పూత ఊడిందంటే ఆ గొట్టం కాలిబ్రేషన్ చెల్లదు.

కేబుల్ సంగతికొస్తే, ప్రతి రీడింగుతో పాటు 0 నుంచి 255 వరకు తిరిగే ఒక లెక్క కూడా పైకి వస్తుంది. అందులో ఒకటి తప్పితే డెక్ యూనిట్ మాడ్యులో ఎర్రర్ అంటుంది. కాస్ట్‌కు ఒకటి రెండయితే పట్టించుకోనక్కర్లేదు. డజన్ల కొద్దీ వస్తే ఎప్పుడు వస్తున్నాయో చూడండి. వించి డ్రమ్ము తిరిగేటప్పుడే వచ్చి, ఆపగానే ఆగితే ముందు స్లిప్ రింగ్‌ను (తిరిగే డ్రమ్ము నుంచి సంకేతాన్ని కదలని తీగలోకి దాటించే భాగాన్ని) అనుమానించాలి. డ్రమ్ము ఆగి ఉన్నా, ఓడ ఊగినప్పుడల్లా వస్తుంటే రోజెట్ పైనున్న టర్మినేషన్‌లోకి, అంటే కేబుల్ చివర పరికరానికి కలిసే అతుకులోకి, నీళ్ళు దిగి ఉండవచ్చు. మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీ పెట్టి పరీక్షించే మీటరుతో) కేబుల్ ఇన్సులేషన్ చూసేముందు రెండు చివరలూ విప్పడం మరవకండి, ఆ వోల్టేజీ ఎలక్ట్రానిక్స్‌ను కాల్చేస్తుంది. అలల పోటుకు కేబుల్ వదులై మెలిపడకుండా మొదటి 100 మీటర్లు నిమిషానికి 30 మీటర్లకు మించనివ్వకూడదు. మెలిపడ్డ ముక్కను కోసేసి కొత్త టర్మినేషన్ వేయడమే దారి. దానికి గంటలు పడుతుంది, స్టేషన్ పోతుంది.

సీసాల దగ్గర తప్పులు చిన్నవే, నష్టం పెద్దది. మూత అంచులో నైలాన్ తాడు చిక్కుకుంటే పై నీళ్ళు లోపలికి దూరతాయి. పైకి రాగానే సీసా పైనున్న గాలి మరను మూసే ఉంచి కింది కొళాయి తెరవండి: ధార కట్టిందంటే ఆ సీసా కారుతోంది, లాగ్ షీటులో రాసేయండి. సీసా మూసేముందు ఆగాల్సింది కనీసం 30 సెకన్లు. ఉష్ణోగ్రత వేగంగా మారే పొరలో మేము నిమిషం ఆగుతాం, రోజెట్ తనతో పాటు కింది నీళ్ళను ఈడ్చుకొస్తుంది కనుక. నీళ్ళు పట్టేటప్పుడు ఆక్సిజన్ ముందు, తర్వాత కార్బన్, పోషకాలు, చివర లవణీయత. ఆక్సిజన్ సీసాలో రబ్బరు గొట్టం అడుగుకు ఆనించి, సీసా పరిమాణానికి రెండు మూడింతల నీళ్ళు పొర్లిపోనివ్వాలి. ఒక్క బుడగ కనిపించినా మళ్ళీ పట్టాల్సిందే.

ఆక్సిజన్ సెన్సార్ మీద నా అభిప్రాయం మిశ్రమం. బంగాళాఖాతంలో పైపొరల్లో చక్కగా పనిచేస్తుంది. అరేబియా సముద్రంలో సుమారు 150 నుంచి 1,000 మీటర్ల మధ్య ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉంది. అక్కడ సెన్సార్ సున్నాకు దిగకుండా కొంచెం పైనే నిలుస్తుంది. సీసా నీటిలో ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ టైట్రేషన్‌తో సరిచూద్దామన్నా రసాయనాల్లో కరిగి ఉన్న ఆక్సిజనే ఫలితాన్ని పెంచుతుంది. ఆ పొరలోని అంకెలను "చాలా తక్కువ" అని చదవాలి తప్ప, అక్కడి చిన్న తేడాల మీద వాదన కట్టకూడదు. దిగేటప్పటి గీత, ఎక్కేటప్పటి గీత ఒకదాని మీద ఒకటి పడకపోవడమూ మామూలే. ఈ సెన్సార్ 2 నుంచి 5 సెకన్లు వెనకబడుతుంది. డేటా శుద్ధిలో అంత ముందుకు జరపాలి.

రెండు జతల సెన్సార్లు తప్పకుండా పెట్టించుకోండి. ఒకటే ఉంటే అది తప్పు చెప్పినా తెలియదు. 2,000 మీటర్ల కింద నీళ్ళు దాదాపు మారవు కాబట్టి, అక్కడ రెండు జతల తేడాను ప్రతి స్టేషన్‌లోనూ రాసిపెట్టాలి. ఆ తేడా రోజురోజుకూ పెరిగితే, ఆటోశాల్ అనే ల్యాబ్ లవణీయత మాపకంలో పరీక్షించిన సీసా నీళ్ళే ఏ జత జారుతోందో తేలుస్తాయి. వాహకత గొట్టంలో పొర పేరుకుంటే లవణీయత తక్కువగా కనిపిస్తుంది, ఎక్కువగా కాదు. కాలిబ్రేషన్‌కు పంపితే పోవడం రావడం కలిపి నెలలు పడుతుంది గనుక ఒక అదనపు జత, ఒక అదనపు పంపు, కనెక్టర్ల డమ్మీ మూతలు, నీళ్ళు దూరకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు పెట్టెలో ఉండాలి. మూతలు లేకుండా ఒక్క రాత్రి డెక్ మీద వదిలేసిన కనెక్టర్ పిన్ను తెల్లారేసరికి ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది.