క్రిబ్ నుంచి మంచం దాకా: బెడ్ గార్డు పదిహేను నెలలు వాడాక

మా పాపకి ఇప్పుడు మూడేళ్ళ అయిదు నెలలు. క్రిబ్ (చుట్టూ కటకటాలుండే పసిపిల్లల మంచం) మాన్పించి మామూలు మంచం అలవాటు చేయడానికి మాకు పట్టిన కాలం, ఖర్చు, పోయిన నిద్ర అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. బెడ్ గార్డు, అంటే పిల్లలు పడకుండా మంచం పక్కన బిగించే వలగుడ్డ అడ్డు, కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకి ముందే ఒక మాట: గార్డు పనికొచ్చే వస్తువే. కానీ మమ్మల్ని గట్టెక్కించింది అది కాదు, అంతకుముందు నాలుగు నెలలు నేల మీద వేసిన పరుపు.

క్రిబ్ సంగతి ముందు. రూ. 14,500 పెట్టి కొన్నాం, రబ్బర్‌వుడ్‌ది. ఒక పక్క కటకటాలు విప్పేస్తే చిన్న మంచంగా మారుతుందని చూసి టెంప్ట్ అయ్యాం. చెక్క గట్టిదే. మూడు నెలలకోసారి నట్లు బిగించుకోవాలి, లేకపోతే కిర్రుమంటుంది. పళ్ళొచ్చే రోజుల్లో పై పట్టీని మా పాప ఉడత కొరికినట్టు కొరికింది. పరుపు 48 అంగుళాల పొడవు, 24 వెడల్పు. ఆ కొలతకి సరిపోయే దుప్పట్లు దొరక్క టైలర్ చేత కుట్టించాను.

ఇరవై రెండో నెలలో ఒక రాత్రి దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తి చూస్తే పాప కింద కూర్చుని ఉంది. ఏడుపు లేదు. తానే చేసిన పనికి తానే ఆశ్చర్యపోతున్నట్టు మొహం. దిండు మీద ఏనుగు బొమ్మ పెట్టి, దాని మీదికెక్కి దూకింది. పరుపు అప్పటికే అన్నిటికన్నా కింది మెట్టులో ఉంది, ఇంకా దించడానికి లేదు. పిల్లల ఎత్తు 35 అంగుళాలు దాటితే క్రిబ్ ఆపేయమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. గుమ్మానికి పెన్సిల్ గీత పెట్టి కొలిస్తే మాది 33 దగ్గరుంది. లెక్క ప్రకారం ఇంకా టైముంది గానీ, ఎక్కి దూకడం వచ్చేశాక ఆ లెక్కతో పనేముంది?

మర్నాడే ఒక పక్క విప్పేశాం. నాలుగు రాత్రులు నడిచింది ఆ ముచ్చట. దిగడం, మా గదిలోకి రావడం, మళ్ళీ తీసుకెళ్ళి పడుకోబెట్టడం. నిద్రలో దొర్లే పిల్లకి 24 అంగుళాల వెడల్పు ఏ మూలకి? రెండుసార్లు పడింది. 'మంచంగా మారుతుంది' అన్న మాట చూసి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

అప్పుడు గుడివాడ నుంచి మా అత్తయ్య వచ్చారు. "చీర ఉయ్యాల్లోంచి తీసి మీ ఆయన్ని నా పక్కలో వేసుకున్నాను. మధ్యలో ఈ బోను ఎందుకే అమ్మాయ్" అన్నారు. ఆవిడ సలహా ఏమిటంటే పెద్ద మంచం మీద పడుకోబెట్టి చుట్టూ దిండ్లు పేర్చడం. దానికి నేను ఒప్పుకోలేదు. దిండు మెట్టులా పనికొస్తుందని మా పాప అప్పటికే చూపించింది కదా. వాదన తేలక చివరికి నేల మీద చాప పరిచి, దాని మీద పీచు పరుపు వేసి, పక్కన ఆవిడ పడుకున్నారు. మూడో రాత్రికి పాప పొద్దున దాకా లేవలేదు. దొర్లితే చాప మీదికి దొర్లుతుంది, అంతే. మడిచే దోమతెర కూడా పరుపు మొత్తాన్ని కప్పేది. ఇబ్బందులు లేకపోలేదు. వానాకాలం కావడంతో పరుపు కింద చెమ్మ పట్టేది, రోజూ పొద్దున్నే గోడకి నిలబెట్టాల్సి వచ్చింది. బిస్కెట్ ముక్క పడితే చీమలు.

ఈ దశలో అసలు పని మంచంతో కాదు, గదితో. క్రిబ్‌లో ఉన్నన్నాళ్ళూ పిల్ల ఉండేది ఆ నాలుగు కటకటాల మధ్య. బయటికొచ్చాక గదంతా క్రిబ్బే. బాత్రూమ్ తలుపుకి పైన ఇంకో గడియ పెట్టించాం, రాత్రి బకెట్లో నీళ్ళు ఉంచడం మానేశాం. బీరువాని గోడకి బిగించాం. బాల్కనీ తలుపుకి తాళం. ప్లగ్ పాయింట్లకి మూతలు. గార్డుకి పెట్టిన డబ్బుకన్నా వీటికి పెట్టిందే ఎక్కువ ఉపయోగపడింది.

ఇక గార్డు. రూ. 2,800. ప్యాకెట్ మీద ఆరు నెలల బిడ్డ బొమ్మ వేసి అమ్మేస్తున్నారు, అది నమ్మకండి. మంచానికి బిగించి, కావాలంటే తీసేయగలిగే ఈ గార్డులు రెండేళ్ళు నిండి, మంచం తనంతట తాను ఎక్కి దిగగలిగే పిల్లల కోసం. అంతకన్నా చిన్నపిల్లలు పరుపుకీ గార్డుకీ మధ్య సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. అందుకే ఇరవై ఆరో నెల దాకా నేల మీదే ఉంచి, అప్పుడు సింగిల్ మంచానికి బిగించాం.

బిగించడం సులువు. ఇనప చువ్వలు పరుపు కిందికి దూర్చి, పట్టీని అవతలి పక్కకి లాగి కట్టడమే. తంటా వేరే చోట ఉంది. మన మంచాలకి కింద సన్‌మైకా ప్లైవుడ్ ఉంటుంది, దాని మీద చువ్వలు జారతాయి. ఫ్రిజ్‌లో వేసే రబ్బరు షీట్ కింద పరిచాక ఆగింది. పీచు పరుపు బరువుగా ఉంటుంది కాబట్టి పట్టు బాగుంది. ఊరెళ్ళినప్పుడు తేలికపాటి ఫోమ్ పరుపుకి కడితే ఊగింది, విప్పేశాం. పరుపు చట్రం లోపలికి దిగి కూర్చునే మంచం అయితే గార్డు దగ్గరగా ఆనదు, సందు మిగులుతుంది. కొనకండి. మాది కింద సామాను పెట్టుకునే మంచం. దుప్పటి కావాల్సి వచ్చినప్పుడల్లా పట్టీ విప్పి మళ్ళీ బిగించాలి, ఇది నాకు ఇప్పటికీ విసుగే.

పట్టీ వారానికోసారి వదులవుతుంది. రోజూ రాత్రి లోపలి నుంచి చేత్తో నెట్టి చూస్తాను. సందు కనిపిస్తే అప్పుడే బిగిస్తాను. వలగుడ్డ ఇప్పటికి రెండుసార్లు ఉతికాను, చిరగలేదు. పదిహేను నెలల్లో గార్డు ఉన్న పక్క నుంచి ఒక్కసారీ పడలేదు. కాళ్ళవైపు నుంచి ఒకసారి జారింది, కింద చాప ఉండబట్టి ఏమీ కాలేదు. అయిదుకి మూడున్నర ఇస్తాను.

మేం చేసిన తప్పొకటి ఉంది. మంచం మార్చిన వారంలోనే డైపర్ కూడా మాన్పించాం. రాత్రి రెండింటికి తడి పరుపు, కొత్త చోటు, పిల్ల ఏడుపు. పది రోజుల్లో మళ్ళీ డైపర్ వేశాం, రెండు నెలలాగి మొదలుపెడితే తేలిగ్గా అయిపోయింది. ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టబోతుంటే కూడా నెలల ముందే మార్చేయడం మేలు. 'నా చోటు చెల్లికిచ్చేశారు' అని పెద్ద పిల్లలు మొండికేస్తారని మా వదిన అనుభవం.

క్రిబ్‌ని మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి మూడో ఫ్లోర్ వాళ్ళకి రూ. 4,000కి ఇచ్చేశాం. వాళ్ళ బాబుకి అయిదు నెలలు. కొరికిన పట్టీ చూపించే ఇచ్చాను. నట్లు బిగించే అలెన్ కీ మాత్రం మా సొరుగులోనే ఉండిపోయింది, రేపు ఇచ్చి రావాలి.