కాపర్‌బ్యాండ్‌కి ఫ్రోజెన్ మైసిస్: మేత మంచిదే, ప్యాకెట్ చూసి కొనండి

సముద్రపు నీటి ట్యాంకులో కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై పెంచేవాళ్లు ఎప్పటికైనా ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే, రొయ్యలాంటి బుల్లి జీవులు) దగ్గరికి రావాల్సిందే. పెల్లెట్లు (గుళికల మేత) వేస్తే చాలావరకు అది దగ్గరికొచ్చి చూసి వెళ్లిపోతుంది. రాతి సందుల్లోని పురుగుల్నీ చిన్న రొయ్యజాతి జీవుల్నీ పొడవాటి మూతితో లాక్కుని తినే చేప అది. మైసిస్ సైజూ వంపూ ఆ అలవాటుకి సరిపోతాయి. మేతగా దీనికి వంక పెట్టనక్కర్లేదు. అయితే ఆ ప్యాకెట్ విశాఖ చేరేలోపు దారిలో ఎన్నిసార్లు కరిగి మళ్లీ గడ్డకట్టిందో ఎవరూ చెప్పరు. చూసుకోవాల్సింది అదే.

చూడటం సులువే. బ్లిస్టర్ ప్యాక్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. గడుల్లో క్యూబులు నిండుగా, పై అంచు సమంగా ఉండాలి. ఒకవైపుకి జారి గడ్డకట్టి, రెండోవైపు ఖాళీగా కనిపిస్తే అది మధ్యలో కరిగిన సరుకే. కొన్నాక ఒక క్యూబ్‌ని గాజు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మైసిస్ విడివిడిగా, నల్లటి కళ్లతో, తోకలతో సహా తేలితే బాగున్నట్టు. తలలు ఊడి, నీళ్లు పాలలా తెల్లబడితే ఆ ప్యాకెట్ ట్యాంకు కోసం పనికిరాదు. కరిగిన మైసిస్‌ని దాని పొట్టలోని ఎంజైములే మెత్తబరుస్తాయి. తర్వాత మళ్లీ గడ్డకట్టినా పాత రూపం రాదు. చేప ఆ ముద్దని ముట్టదు. ముట్టని ముద్దంతా ట్యాంకులో కుళ్లి అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ పెంచుతుంది.

బ్రాండ్ల విషయానికొస్తే, పీఈ మైసిస్ కెనడాలోని ఒకనాగన్ సరస్సులో పట్టే మంచినీటి రకం. సైజు పెద్దది, కొవ్వు ఎక్కువ. చిక్కిన చేపకి బాగా పనికొస్తుంది. కాకపోతే చిన్న కాపర్‌బ్యాండ్ నోటికి పట్టదు, బ్లేడుతో రెండు ముక్కలు చేయాలి. నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందంటే ముందు అనుమానించాల్సింది సైజునే.

పెట్టే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. క్యూబ్‌ని ట్యాంకు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, సన్నటి టీ వడగట్టులో పోసి, ఆ నీళ్లు పారబోయండి. వేడి నీళ్లు వాడొద్దు. నీళ్లని తిప్పే రిటర్న్ పంపు, అలలు పుట్టించే వేవ్‌మేకర్ పది నిమిషాలు ఆపండి. ట్యాంగ్, క్లౌన్ చేపలు కూడా ఉంటే వాటికి ట్యాంకు ఒక చివర పెల్లెట్లు వేసి, రెండో చివర పొడవాటి పిప్పెట్‌తో మైసిస్‌ని రాతి పగుళ్ల దగ్గర కొంచెం కొంచెంగా వదలండి. కాపర్‌బ్యాండ్ ఒక్కోదాన్ని తేరిపార చూసి గానీ తినదు. ఈలోపు పక్క చేపలు ఊడ్చేస్తాయి. కొత్తగా వచ్చింది చాలాచోట్ల మేత నచ్చక కాదు, పోటీ పడలేక పస్తుంటుంది.

అసలు ముట్టనేలేదంటే మైసిస్‌తో మొదలుపెట్టకండి. ఉప్పు సాంద్రత, ఉష్ణోగ్రత చూసుకోండి. 1.025, 25–26 డిగ్రీలు సరిపోతాయి. బీచ్ నుంచి తెచ్చిన నీళ్లు వాడేవాళ్లు వానాకాలం చివర్లో మరీ జాగ్రత్తగా కొలవాలి. నదుల నీరు కలిసి తీరంలో ఉప్పు తగ్గుతుంది. తర్వాత చిన్న ఆల్చిప్పని తెరిచి సగం చిప్పతో సహా రాళ్ల మధ్య ఇరికించండి. మాంసాన్ని పొడుచుకు తినడం మొదలుపెట్టాక, ఆ చిప్పలోనే నాలుగైదు మైసిస్ నొక్కిపెట్టండి. రోజురోజుకీ మాంసం తగ్గిస్తూ మైసిస్ పెంచుకుంటూ పోతే చివరికి ఖాళీ చిప్పలో పెట్టినా తింటుంది. గంట దాటితే చిప్ప తీసేయాలి. హార్బర్ గోడలకి అంటుకున్న ఆల్చిప్పలు మాత్రం వద్దే వద్దు. నీళ్లు వడగట్టుకుని బతికే జీవులవి, అక్కడి చమురూ లోహాలూ వాటి మాంసంలో చేరతాయి. ఆల్చిప్పల్లో చాలా రకాలకి విటమిన్ బి1ని విరగ్గొట్టే థయామినేజ్ కూడా ఉంటుంది, అందుకే ఇది రోజూ పెట్టే మేత కాదు.

ఫిషింగ్ హార్బర్ ఊళ్లోనే ఉండగా ఇంత ధర పెట్టి మైసిస్ ఎందుకని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పచ్చి రొయ్యని సన్నగా తరిగి పెట్టొచ్చు, కొన్ని చేపలు తింటాయి కూడా. కానీ అది ఒట్టి కండ. మైసిస్‌ని పొట్టా పెంకూ సహా మొత్తంగా మింగుతాయి, పోషకాల తేడా అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ రోజుల్లో దొరికేవి ఎక్కువగా చెరువు వనామీలే. వాటిలో వైట్ స్పాట్ వైరస్ ఉండొచ్చు. చేపలకి ఏమీ కాదు గానీ, ట్యాంకులో క్లీనర్ ష్రింప్ (అదీ రొయ్యజాతే) ఉన్నవాళ్లు ఆ సాహసం చేయకపోవడమే మేలు. ఎండు రొయ్యపొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది వంకాయ కూరలోకి.

100 గ్రాముల ప్యాక్‌లో సుమారు 3 గ్రాముల క్యూబులు ముప్ఫైకి పైనే వస్తాయి. ఒక్క కాపర్‌బ్యాండ్‌కి రోజుకో క్యూబ్‌ని మూడు పూటలుగా పెడితే నెలంతా వస్తుంది. మాండరిన్ చేప కోసమే కొంటుంటే ఆగండి: చాలా మాండరిన్లు ప్రాణమున్న కోపెపాడ్‌లు (నలుసంత రొయ్యజాతి జీవులు) తప్ప మరోటి ముట్టవు.

గాజువాకలో కొని మధురవాడ తీసుకెళ్లేవాళ్లు థర్మోకోల్ డబ్బా, రెండు జెల్ ప్యాక్‌లు వెంట తెచ్చుకోండి. ఇంట్లో ఫ్రీజర్ తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా వేడి తగిలేది ముందు దానికే. లోపల, జెల్ ప్యాక్‌ల మధ్య పెడితే వేసవిలో కరెంటు పోయినా కొన్ని గంటలు తట్టుకుంటుంది.