టీమక్స్: నెట్ తెగినా పని ఆగని టెర్మినల్

గంటలకొద్దీ సాగే డేటాబేస్ బ్యాకప్‌ను మామూలు ఎస్‌ఎస్‌హెచ్ (నెట్ ద్వారా దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) విండోలో మొదలుపెడితే, మధ్యలో నెట్ పోతే బ్యాకప్ కూడా పోతుంది. కనెక్షన్ తెగగానే, మన కమాండ్లను నడిపే షెల్‌కు హ్యాంగప్ సిగ్నల్ అందుతుంది, దాని కింద నడిచేవి సాధారణంగా ఆగిపోతాయి. డెస్క్‌టాప్ మీద పది టెర్మినల్ విండోలు తెరిచి ఆల్ట్-ట్యాబ్‌తో తిరిగినా ఈ ముప్పు తప్పదు. టీమక్స్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో పని, వెనక నడుస్తూ ఉండే దాని సొంత సర్వర్ ప్రాసెస్ కింద నడుస్తుంది, మన తెర దాన్ని చూపిస్తుందంతే. ఉచితంగా దొరికే పరికరాల్లో నేను ముందు సిఫారసు చేసేది దీన్నే.

ఇన్‌స్టాల్ చేయాల్సింది ల్యాప్‌టాప్‌లో కాదు, పని నడిచే సర్వర్‌లో. ‘టీమక్స్ న్యూ -ఎస్ బ్యాకప్’ అని సెషన్ (టీమక్స్ నిలిపి ఉంచే పని చోటు) తెరిచి పని మొదలుపెట్టండి. కంట్రోల్-బి నొక్కి వదిలి, డి నొక్కితే బయటికొస్తారు. మళ్లీ లాగిన్ అయ్యాక ‘టీమక్స్ అటాచ్ -టి బ్యాకప్’ అంటే వదిలిన చోటే ఉంటారు. కంట్రోల్-బి తర్వాత % కొడితే తెర పక్కపక్కన రెండవుతుంది, " కొడితే పైనా కిందా. ఒక పక్క లాగ్, మరో పక్క ఎడిటర్ పెట్టుకుని, చదవడానికి ఇరుకైతే కంట్రోల్-బి తర్వాత జెడ్ నొక్కండి: ఆ భాగం తెరంతా పరుచుకుంటుంది, మళ్లీ అలాగే నొక్కితే సర్దుకుంటుంది.

డీఫాల్ట్ సెట్టింగులు మాత్రం నచ్చవు. వెనక్కి చూడటానికి 2000 లైన్లే ఉంచుతుంది. పెద్ద బిల్డ్‌లో మొదటి ఎర్రర్ అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. హిస్టరీ-లిమిట్‌ను 50000 చేయండి, కానీ అది ఆ తర్వాత తెరిచిన విండోలకే వర్తిస్తుంది. పాత వెర్షన్లలో విమ్ ఎడిటర్‌లో ఎస్కేప్ కీ అర సెకను ఆలస్యంగా పడుతుంది. ఎస్కేప్-టైమ్‌ను 10 మిల్లీసెకన్లకు తగ్గిస్తే పోతుంది. మౌస్ ఆన్ చేశాక కాపీ కుదరకపోతే, చాలా లినక్స్ టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుని సెలెక్ట్ చేస్తే సరిపోతుంది.

సర్వర్ రీబూట్ అయితే సెషన్లన్నీ పోతాయి. లాగౌట్ అవగానే సెషన్ మాయమవుతుంటే సిస్టమ్‌డి (లినక్స్‌లో ప్రాసెస్‌లను నిర్వహించే వ్యవస్థ) సెట్టింగుల్లో ‘కిల్ యూజర్ ప్రాసెసెస్’ చూడండి.

తెలుగు పాఠంతో చిక్కుంది. ‘స్త్రీ’ లాంటి ఒత్తక్షరం ఎన్ని గళ్లు పడుతుందో టీమక్స్ లెక్క ఒకటి, టెర్మినల్ లెక్క మరొకటి అయితే విభజన గీతలు చెదిరి, కర్సర్ తప్పు చోట నిలుస్తుంది. అలాంటి ఫైళ్లను గ్రాఫికల్ ఎడిటర్‌లోనే దిద్దుకోండి.