కారుణ్య నియామకం: తల్లి చేరితే మేలా, కొడుకు కోసం ఆగితే మేలా?

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగమే కారుణ్య నియామకం. అందులో ఎవరు చేరాలన్న మాట మా విజయనగరం పల్లెల్లో పెద్దకర్మ కాకముందే వచ్చేస్తుంది. "ఆడమనిషి ఆఫీసుకెళ్లి ఏం చేస్తుందిలే, కుర్రాడి పేరు పెట్టేయండి" అని పెద్దలు తేల్చేస్తారు. తల్లి మాట అడిగేవాళ్లు ఉండరు. ఓపిక, చదువు ఉన్న తల్లి అయితే ఆమే చేరడం మేలని నా గట్టి అభిప్రాయం.

ముందు గడువు చూడండి. ఉద్యోగి చనిపోయిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. పిల్లాడు మైనరైతే, తండ్రి పోయిన రెండేళ్లలోపు వాడికి పద్దెనిమిది నిండాలి. అంటే ఇప్పుడు పద్నాలుగేళ్ల కొడుకు కోసం ఆగితే ఉన్న అవకాశం కూడా పోతుంది. "పోస్టు వాడికే ఉంచుతారు" అన్నది వట్టి భ్రమ. ఇది వారసత్వ హక్కు కాదు, హఠాత్తుగా కష్టంలో పడ్డ కుటుంబాన్ని నిలబెట్టడానికేనని సుప్రీంకోర్టు 1994లోనే ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో చెప్పింది.

పెద్దల వాదనలో బలమున్నది పోస్టు దగ్గరే. పదో తరగతి చదివిన తల్లికి ఆఫీస్ సబార్డినేట్ (అటెండర్) పోస్టు వస్తుంది. డిగ్రీ ఉన్న కొడుక్కైతే జూనియర్ అసిస్టెంట్ (గుమాస్తా). జీతంలో తేడా ఉంది, ప్రమోషన్లలో ఇంకా ఉంది. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉన్న కొడుకైతే, తల్లికి ఆరోగ్యం సరిగా లేకపోతే, వాడే చేరాలి. అప్పుడు తల్లిని, చెల్లెళ్లను పోషిస్తానని వాడు రాసివ్వాలి. ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి, కాపీ తల్లి దగ్గర ఉండాలి.

కానీ విశాఖలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న వాడిని మధ్యలో మాన్పించి తేవడం నాకు మనసొప్పదు. వాడి ముందు ఎన్నో ఉద్యోగ పరీక్షలున్నాయి. తల్లికి ఇదొక్కటే దారి. పాత పెన్షన్ కిందున్న ఉద్యోగి అయితే కుటుంబ పెన్షన్ ఎవరు చేరినా ఆమెకే వస్తుంది. దానికి తోడు జీతం కూడా ఆమె చేతికే వస్తే, పిల్లాడి ఫీజు కోసం ఎవరి గుమ్మం తొక్కక్కర్లేదు.

చీపురుపల్లి వైపు నాకు తెలిసిన ఒక అక్క, భర్త కూర్చున్న ఆఫీసులోకి అడుగుపెట్టలేనని ఏడ్చింది. ఆ శాఖలో ఖాళీ లేకపోవడంతో ఫైలు కలెక్టరేటుకు వెళ్లి, వేరే శాఖలో పోస్టింగ్ వచ్చింది. మొదటి నెల తలెత్తి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు అక్కడి తపాళ్లన్నీ ఆమే చూస్తోంది, కొడుకు చదువు ఆగలేదు.