ఆటో రీఫిల్‌కు అరమాత్ర తెలియదు: మందుల యాప్‌తో మూడున్నరేళ్ళు

మందుల యాప్‌లో ఆర్డర్ ఎలా పెట్టాలో, డిస్కౌంట్ ఎంతో, డెలివరీ చార్జీ ఎంతో ఇక్కడ రాయడం లేదు. అవన్నీ అందరికీ తెలిసినవే. మూడున్నరేళ్ళు వాడాక నేను చెప్పాలనుకున్నది ఒక్క ఆటో రీఫిల్ గురించి. నెలనెలా మనం అడక్కుండానే మందులు ఇంటికొచ్చే ఏర్పాటు అది. దాని మీద నాకు చాలా కోపం ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు మా అమ్మ వేసుకునే మాత్ర సంగతి చెప్పాలి.

అమ్మకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. దాంతో గుండెలో మైట్రల్ వాల్వు దెబ్బతింది. 2016లో చెన్నైలో ఆపరేషన్ చేసి మెకానికల్ వాల్వు పెట్టారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు అమ్మ పక్కన పడుకుంటే, ఆ వాల్వు చప్పుడు చేతి గడియారంలా టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. ఆ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. అమ్మ వేసుకునేది అసినోకుమరాల్, 2 మిల్లీగ్రాములది. ఈ మధ్య వచ్చిన కొత్తరకం మాత్రలు మెకానికల్ వాల్వుకు పనికిరావు, పాతవే దిక్కు. ఎంత డోసు వేయాలన్నది, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెబుతారు. అమ్మకు ఆ అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. ఒక వారం ఆకుకూర ఎక్కువ తింటే చాలు, అంకె కిందికి దిగుతుంది. రెండు రోజులు మాత్ర ఆగిందంటే దాని ప్రభావం దాదాపు పోయినట్టే. బీపీ మాత్ర ఒక పూట మర్చిపోయినట్టు దీన్ని మర్చిపోవడానికి లేదు.

మాది కావలి. 2022 జనవరిలో ఈ యాప్ మొదలుపెట్టాను. అంతకుముందు బడి వదిలాక ట్రంకు రోడ్డు వెంబడి మందుల షాపులన్నీ తిరిగేదాన్ని. ఆటో రీఫిల్ పెట్టాక ఆ తిరుగుడు పోయింది. ప్రతి నెలా మాత్రలు అయిపోవడానికి వారం ముందే పార్సిల్ గుమ్మంలోకి వచ్చేది. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండేది, ఎక్స్‌పైరీ ఏడాదికి పైనే ఉండేది. మా స్టాఫ్‌రూములో ఆరుగురి చేత ఆ యాప్ పెట్టించాను. వాళ్ళకు అప్పుడు చెప్పిన మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఆ ఏడాదిన్నర అంత సాఫీగా నడిచిందంటే అమ్మ డోసు మారకపోవడమే కారణం. రోజుకొక మాత్ర, స్ట్రిప్పుకు ముప్పై, నెలకొక స్ట్రిప్పు. ఆ లెక్క ఎవరు వేసినా సరిపోతుంది.

2023 ఆగస్టులో అమ్మ ఐ.ఎన్.ఆర్. తగ్గింది. ఒకరోజు ఒక మాత్ర, మర్నాడు ఒకటిన్నర, అలా మార్చి మార్చి వేయమన్నారు డాక్టరుగారు. అంటే ముప్పై మాత్రల స్ట్రిప్పు ఇరవై నాలుగు రోజులకే అయిపోతుంది. యాప్‌లో మార్చుదామని చూస్తే రోజుకు ఒకటి, రెండు, మూడు అని మాత్రమే ఉన్నాయి. అరమాత్ర రాయడానికి గడే లేదు. కస్టమర్ కేర్ అమ్మాయిని అడిగితే రెండు అని పెట్టుకోమంది. అలాగే పెట్టాను. చీటీలో ఉన్నదానికంటే ఎక్కువ అడుగుతున్నారని ఆ మార్పు తిరగ్గొట్టారు. మళ్ళీ ఒకటికే వచ్చింది. ఇంట్లో ఒక స్ట్రిప్పు ఎక్స్‌ట్రా ఉంది కదా, నవంబరులో రివ్యూకు వెళ్ళినప్పుడు కొత్త చీటీ రాయించుకుని సరిచేద్దాంలే అనుకున్నాను. నెలకు ఏడెనిమిది మాత్రల చొప్పున ఆ ఎక్స్‌ట్రా కరిగిపోతూ వచ్చింది.

ఇక ఆ నవంబరు. 24వ తేదీ శుక్రవారం ఆర్డర్ పడిందని మెసేజ్ వచ్చింది. డబ్బాలో 14 మాత్రలున్నాయి. పదకొండు రోజులొస్తాయి. పార్సిల్ ఎప్పుడూ మూడో రోజుకే వచ్చేది కాబట్టి నాకు టెన్షన్ ఏమీ లేదు. 25 సాయంత్రం ఇంకో మెసేజ్: మీ ప్రిస్క్రిప్షన్ గడువు తీరింది, కొత్తది పంపండి. రెండు రోజుల ముందే నెల్లూరులో రివ్యూ అయింది, చీటీ చేతిలోనే ఉంది. ఫోటో తీసి పంపాను.

ఆ చీటీ ఎలా ఉందో చెప్పాలి. పైన పేరు, వయసు, బీపీ, ఐ.ఎన్.ఆర్. అంకె. వాటి కింద పెద్ద అక్షరాలతో సి.ఎస్.టి., పక్కన ఆరు నెలలు, సంతకం. అంతే. అవే మందులు కొనసాగించమని దాని అర్థం. గుండె డాక్టర్ల దగ్గరికో షుగరు డాక్టర్ల దగ్గరికో ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళ ఫైళ్ళలో ఇలాంటి చీటీలే ఎక్కువగా ఉంటాయి. మందుల షాపులో అయితే పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇచ్చేస్తారు. యాప్‌లో ఒకసారికి ఒక చీటీనే చూస్తారు. 27న, కార్తీక పౌర్ణమి రోజు, అమ్మతో కలిసి గుడిలో దీపాలు పెడుతుంటే ఫోన్ మోగింది. చీటీలో మందు పేరు లేదు కాబట్టి ఆర్డర్ ఆపేశామని మెసేజ్. కావాలంటే వాళ్ళ డాక్టరు ఫోన్ చేసి చీటీ రాస్తారట.

28న ఆ డాక్టరు ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. ఫోన్ స్టాఫ్‌రూములో ఉంది. తిరిగి చేస్తే ఆ నంబరుకు కాల్ వెళ్ళదు. 29న మళ్ళీ వచ్చింది. ఆయన హిందీలో మొదలుపెట్టి, నాకు రాదంటే ఇంగ్లీషులోకి మారారు. ఐ.ఎన్.ఆర్. రిపోర్టు చూడకుండా ఈ మాత్ర రాయనన్నారు. అది సబబే. ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను. రిపోర్టు పంపాను. 30న ఓకే అయింది. డిసెంబరు 1న పార్సిల్ బయల్దేరింది. మా పార్సిళ్ళు చెన్నై వైపు నుంచే వస్తాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో ఈ జిల్లాలవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిచాంగ్ తుపాను. చెన్నై మునిగిపోయింది, రైళ్ళు రద్దయ్యాయి, మాకు ఇక్కడ ఆకాశానికి చిల్లుపడినట్టు వాన. యాప్‌లో మాత్రం దారిలో ఉంది అనే మాటే కదలకుండా నిలబడింది. తుపానుకు వాళ్ళని తప్పుపట్టను. కానీ 24న పడిన ఆర్డర్ 24నే బయల్దేరి ఉంటే 27కల్లా మాత్రలు మా ఇంట్లో ఉండేవి. వాన మొదలయ్యేసరికి ఆ స్ట్రిప్పులో సగం వాడి కూడా ఉండేవాళ్ళం కాదు.

ఈలోగా నేనేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1న మా ఇంటి దగ్గరి రెండు షాపుల్లో అడిగాను. లేదు, నెల్లూరు నుంచి తెప్పిస్తామన్నారు. శని, ఆదివారాలు గడిచాయి, సోమవారం నెల్లూరు బండే రాలేదు. ఆ సోమవారం రాత్రి డబ్బాలో మిగిలిన ఒకటిన్నర మాత్ర అమ్మకు వేశాను. మంగళవారం 5వ తేదీ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు. సాయంత్రం వాన కొంచెం తెరిపిచ్చాక గొడుగు తీసుకుని బయటికి వెళ్ళాను. ఒక షాపులో కుర్రాడు వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములది తీసి, "ఇది గూడా రక్తం పలచబడేదే మేడమ్, తీసుకెళ్ళండి" అన్నాడు. రెండూ ఒకే పని చేసే మందులే. కానీ డోసు ఒకటి కాదు. ఆ ముక్క నాకు తెలుసు కాబట్టి తీసుకోలేదు. తెలియనివాళ్ళు తీసుకెళ్ళి వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.

చివరికి యాప్ పెట్టకముందు మేము కొన్న పాత షాపుకు వెళ్ళాను. యాప్ వచ్చాక ఆ మెట్టు ఎక్కలేదు. అందుకే మొహం చెల్లక అంతవరకూ అటు పోలేదు. షట్టర్ సగం దించి ఉంది. లోపల అన్న సెల్‌ఫోన్ లైటు వేసుకుని కింది అరల్లోని డబ్బాలు పైకి సర్దుతున్నాడు, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. నన్ను చూసి, "ఏం టీచరమ్మా, అమ్మ బాగుండాదా? వాల్వు మాత్ర గదా?" అన్నాడు. నేను ఇంకా అడగనేలేదు. 2 మిల్లీగ్రాములది ఆయన దగ్గరా లేదు. ఇంకొకాయన కోసం తెప్పించి పెట్టిన 1 మిల్లీగ్రాము స్ట్రిప్పు ఒకటి ఉంది. "ఇయ్యి రెండేస్తే అమ్మది ఒకటి. ఒకటిన్నర రోజు మూడెయ్యాల. ఎందుకైనా మంచిది, మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి" అన్నాడు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు తన దగ్గరే ఉంచుకుని, రెండో వైపు నుంచి పది మాత్రలు కత్తెరతో కత్తిరించాడు. తేదీని కవరు మీద పెన్నుతో రాసిచ్చాడు. ఆ ఇంకొకాయనకు మిగతావి నాలుగు రోజులు సరిపోతాయని, ఈలోపు నెల్లూరు బండి వస్తుందని ఆయన లెక్క.

నెల్లూరు డాక్టరుగారి అసిస్టెంటుకు ఎన్నోసారికో ఫోన్ కలిసింది. సరేనన్నారు. ఇంటికొచ్చేసరికి అమ్మ కొవ్వొత్తి వెలుతురులో కూర్చుని, "ఏందిమే, దొరకలా? ఒక్క పూటకు ఏమీ కాదులే" అంది. నాకు ధైర్యం చెప్పడానికే అలా అందని తెలుసు. ఆ రాత్రి రెండు, మర్నాడు మూడు, ఆ తర్వాత రెండు, శుక్రవారం మూడు. పది మాత్రలూ సరిగ్గా అయిపోయాయి. శనివారం 9న పార్సిల్ వచ్చింది, అట్టపెట్టె ఒక మూల తడిసి ఉంది. సోమవారం పరీక్ష చేయిస్తే ఐ.ఎన్.ఆర్. 2.6 ఉంది. ఆ కాగితం చూశాకే నాకు నిద్ర పట్టింది.

యాప్‌వాళ్ళకు ఫిర్యాదు పెడితే వంద రూపాయల కూపన్ ఇచ్చారు. నాకు కావలసింది కూపన్ కాదని మళ్ళీ రాశాను. రెండు విషయాలు అడిగాను. అరమాత్రకు ఒక గడి పెట్టండి, చీటీ గడువు తీరబోతోందని ఇరవై రోజుల ముందు చెప్పండి. ఆ చీటీ తేదీ వాళ్ళ దగ్గరే ఉంది. ఎప్పుడు తీరుతుందో వాళ్ళ కంప్యూటరుకు ఆగస్టులోనే తెలుసు. ఆర్డర్ పడిందని నాకు మెసేజ్ పంపి, మర్నాడు గడువు తీరిందనడం ఏమిటి? నా కోపమంతా అక్కడే.

చీటీ అడగడం మీద నాకేమీ అభ్యంతరం లేదు. తర్వాత తెలుసుకున్నాను, 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో 65వది ఈ విషయం స్పష్టంగా చెబుతుంది. ఎన్నిసార్లు ఇవ్వచ్చో డాక్టరు చీటీ మీద రాయకపోతే, ఆ చీటీకి ఒక్కసారే మందివ్వాలి. రాస్తే, రాసినన్ని సార్లే. మందుల పేర్లు జనరిక్ పేర్లతో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ కూడా డాక్టర్లకు నియమం పెట్టింది. ఇవి తెలిశాక తర్వాతి రివ్యూలో డాక్టరుగారిని అడిగాను: "సార్, సి.ఎస్.టి. అని కాకుండా మందు పేరు, ఒకటి, ఒకటిన్నర అని డోసు, ఆరు నెలలు నెలనెలా ఇవ్వచ్చని రాసిస్తారా?" ఆయన మారు మాట లేకుండా రాసిచ్చారు. నేనడగక ముందు ఆయనకా ఇబ్బంది తెలియదు. అప్పటి నుంచి యాప్‌లో ఒక్క చీటీ కూడా తిరగ్గొట్టలేదు. మీ ఇంట్లో ఇలాంటి మందు వాడేవాళ్ళుంటే ఈ ఒక్క పని చేయించుకోండి.

గడువు గురించి ఇప్పుడు పది రోజుల ముందు మెసేజ్ వస్తోంది. నా ఫిర్యాదు వల్లనో, నాలాంటివాళ్ళు ఇంకా రాసినందువల్లనో తెలియదు. అరమాత్ర గడి మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు అమ్మ బీపీ మాత్ర, నా థైరాయిడ్ మాత్ర యాప్ నుంచే తెప్పిస్తున్నాను. అవి రోజుకొకటే, డోసు మారేది అరుదు. వాటికి ఆటో రీఫిల్ బాగానే ఉంది. వాల్వు మాత్రకు దాన్ని తీసేశాను. అది ఆ అన్న దగ్గరే కొంటున్నాను. డిస్కౌంట్ ఉండదు, నెలకు కాస్త ఎక్కువే అవుతుంది. ఆయన నోటుపుస్తకంలో అమ్మ పేరు పక్కన పెన్సిలుతో డోసు రాసుకుంటాడు, మారినప్పుడల్లా చెరిపి కొత్తది రాస్తాడు. ఇంట్లో ఎప్పుడూ ఒక స్ట్రిప్పు విడిగా ఉంచుతున్నాను. పక్కన అలాంటి షాపు లేని పల్లెల్లో ఉన్నవాళ్ళకు నా పద్ధతి కుదరకపోవచ్చు. మీకు యాప్ తప్ప వేరే దారి లేకపోతే, తేదీ యాప్‌వాళ్ళను పెట్టనివ్వకుండా మాత్రలు లెక్కపెట్టుకుని మీరే ఆర్డర్ పెట్టండి.

ఐదుకు మూడు ఇస్తున్నాను. అమ్మకు రోజుకొక మాత్రే ఉన్న రోజుల్లో రాసి ఉంటే ఐదుకు ఐదు ఇచ్చేదాన్ని.