ఎడిన్‌బరో సందుల్లో: ఆటకి ఇచ్చిన 32 పౌండ్లు సార్థకం, రాత్రి టూరుకి పోసిన 76 దండగ

ఎడిన్‌బరో వెళ్లే మనవాళ్లకి ముందే చెప్తున్నాను, పాత ఊళ్లో రాత్రిపూట తిప్పే దెయ్యాల టూర్లని చూసి మోసపోకండి. మనిషికి 19 చొప్పున నలుగురికి 76 పౌండ్లు వసూలు చేసి, చీకటి మూలల్లో నిలబెట్టి మీద పడ్డట్టు అరిచారు. అదైనా భరించాం. శవాన్ని అమ్ముకోవడానికి ఇద్దరు హంతకులు చంపేసిన జేమ్స్ విల్సన్ అనే కుర్రాడి కథ దగ్గరకొచ్చేసరికి గైడు అతని కుంటినడక నడిచి చూపించి జనాన్ని నవ్వించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "చంపేసిన పిల్లాణ్ణి పట్టుకుని ఈ వెక్కిరింతలేంటి, పదండి" అని అత్తయ్యగారు అక్కడే వెనక్కి తిరిగారు. డబ్బు అడిగితే సగం నడిచాక ఇవ్వరట.

అంత కోపం రావడానికి కారణం, అదే కథని మధ్యాహ్నమే ఫోన్లో వీధి ఆటగా ఆడి ఉన్నాం. ఒక ఫోన్‌కి 32 పౌండ్లు కడితే చాలు, ఇంటిల్లిపాదీ ఆడొచ్చు. ఫోన్ చెప్పిన చోటికి చేరితే ఒక చిక్కుప్రశ్న తెరుచుకుంటుంది. జవాబు అక్కడి గోడ మీదో బోర్డు మీదో ఉంటుంది. అది పట్టుకుంటేనే తర్వాతి చోటు.

మొదలు లాన్‌మార్కెట్ వీధిలో, డీకన్ బ్రోడీతో. పగలు పేరున్న వడ్రంగి, నగర కౌన్సిల్ సభ్యుడు. రాత్రి అదే ఖాతాదారుల ఇళ్లకి దొంగతాళాలు. 1788లో ఎక్సైజ్ ఆఫీసు దోపిడీ బెడిసికొట్టి ఆమ్‌స్టర్‌డామ్ పారిపోతే, అక్కడ పట్టి తెచ్చి అక్టోబరు 1న ఉరితీశారు. అతని పేరున్న పబ్బు బోర్డుకి ఒకవైపు పెద్దమనిషి, రెండోవైపు దొంగ. రెండువైపులా చూస్తేగానీ ప్రశ్న తెగదు. అప్పటిదాకా మొహం ముడుచుకున్న మా బావమరిది ఇక్కణ్ణుంచి అందరికంటే ముందు పరిగెత్తాడు.

అసలు బరువంతా వెస్ట్ పోర్ట్ వీధిలో. జేమ్స్‌ని చంపిన ఆ ఇద్దరు, బర్క్, హేర్ ఉన్న టానర్స్ క్లోజ్ అనే సందు ఇప్పుడు లేదు, కొత్త కట్టడాలున్నాయి. ఆట అక్కడ నిలబెట్టి ఒక లెక్క అడుగుతుంది: హేర్ ఇంట్లో అద్దెకున్న ముసలాయన జబ్బుతో పోయాడు, బాకీ 4 పౌండ్లు. శవాన్ని, శవాల్ని కోసి పాఠం చెప్పే డాక్టర్ నాక్స్ అనాటమీ స్కూలుకి అమ్మితే 7 పౌండ్ల 10 షిల్లింగులు వచ్చాయి. బాకీ పోను ఎంత మిగిలింది? మూడు పౌండ్ల పది అని అత్తయ్యగారే ముందు చెప్పి, వెంటనే "అయ్యో" అన్నారు. ఆ రుచి మరిగి 1828లో 16 మందిని చంపారు. శవదొంగల్లా సమాధులు తవ్వలేదు, బతికున్న బీదవాళ్లనే సరుకు చేశారు. వాళ్లలో ఒకడు, ఊళ్లో అందరికీ తెలిసిన జేమ్స్‌ని నాక్స్ విద్యార్థులు గుర్తుపట్టినా, నాక్స్ కాదని కొట్టిపారేశాడు.

హేర్ సర్కారు సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ని 1829 జనవరి 28న ఉరితీసి, అతని శవాన్నీ కోశారు. నాక్స్ మీద కేసే లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోతకి చట్టబద్ధంగా దొరికే శవాలు చాలకే ఈ వ్యాపారం పుట్టిందని, 1832లో చట్టం మార్చారని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో చెప్తుంది ఆట. శవదొంగలకి అందకుండా సమాధుల మీద బిగించిన ఇనుపబోనులు అక్కడ ఇంకా ఉన్నాయి. మా ఆవిడ వాటి దగ్గర్నుంచి చాలాసేపు కదల్లేదు.

లోపాలూ ఉన్నాయి. ఇరుకు సందుల్లో జీపీఎస్ పక్కవీధి చూపిస్తుంది, రోడ్డు మీదకొచ్చి మళ్లీ తెరవాలి. బ్యాటరీ హరించుకుపోతుంది, పవర్ బ్యాంకు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లదారి వదిలి, వంపు తిరిగి దిగే విక్టోరియా స్ట్రీట్ పట్టుకోండి. అత్తయ్యగార్ని అలాగే దింపాం.

బర్క్ అస్థిపంజరం విశ్వవిద్యాలయం అనాటమీ మ్యూజియంలో ఉంది. అది రోజూ తెరవరు, తేదీ చూసుకుని టిక్కెట్లు కొనండి. సర్జన్స్ హాల్ మ్యూజియంలో అతని చర్మంతో చేసిన చిన్న పుస్తకం అట్ట ఉంది, పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ గది సంగతి ముందే ఆలోచించుకోండి.