వచ్చి వెళ్లే సువార్తికుడా (క్రీస్తు సువార్త ప్రకటించేవాడు), సంఘంలోనే (చర్చిలోనే) ఉండే సువార్తికుడా?

ఖర్చు: అతిథికి ప్రయాణం, బస, కానుక ఒకేసారి. సొంత సువార్తికుడికి నెలనెలా.

శ్రమ: సభలు మూడు రోజుల్లో ముగుస్తాయి. అసలు పని ఆ తర్వాతే. సభలో నమ్ముతామని చేతులెత్తినవాళ్ల ఇళ్లకు ఎవరు వెళ్తారు? చాలా సంఘాలు చతికిలబడేది ఇక్కడే. సొంతవాడికి ఆ గడపలు తెలుసు.

ప్రమాదం: అతిథి చుట్టూ వ్యక్తిపూజ. సొంతవాడుంటే "సువార్త ఆయన పనిలే" అనే బద్ధకం. బైబిలులోని ఎఫెసీ పత్రిక 4:11-12 ప్రకారం ఆయన ఉన్నది విశ్వాసులను సిద్ధపరచడానికి, వాళ్ల బదులు చేయడానికి కాదు. తొలి సంఘపు సువార్తికుడు ఫిలిప్పు మాత్రం రెండూ చేశాడు: సమరయకు వెళ్లి ప్రకటించాడు, తర్వాత కైసరయలో ఇల్లు పెట్టుకున్నాడు (అపొ. కార్య. 21:8).

సంఘమే లేని చోటికి తిరిగేవాడు మేలు. ఏళ్లుగా అవే ముఖాలు కనిపించే సంఘానికి, నా లెక్కలో, అక్కడే ఉండి నేర్పేవాడే కావాలి.